అయిదో స్థానంలో బాణాలు, మేడ మీద కోచ్ గారు

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలం కాదు, ఓ పదేళ్ల కిందటి మాట, మా బెజవాడలో ఎవరికైనా బాగా కలిసొస్తే ముందు ఇల్లు కట్టేవారు, తర్వాత కల్యాణమండపం కట్టేవారు, అప్పటికీ చేతులు ఊరుకోకపోతే సినిమా తీసేవారు. ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే ఒకాయన మాత్రం ఈ మూడూ వద్దనుకుని ఫుట్‌బాల్ టీమ్ పెట్టారు. ఆయన షెడ్డు మీద ‘బాడీ బిల్డర్స్’ అని పెద్ద బోర్డు ఉండేది. కండలు పెంచుకుందామని ఏడాదికి నలుగురైదుగురు కుర్రాళ్లు పొరపాటున లోపలికొచ్చి ఫీజెంత అని అడిగి పోతుండేవారట. ఊరంతా ఆయన్ని బాడీ బాబాయ్ అనేది కాబట్టి నేనూ అలాగే అంటాను. దక్షిణాదిలో ఎనిమిది ఊళ్ల జట్లతో కొత్తగా ఒక లీగ్ మొదలవుతుంటే, అందులో మన ఊరు లేకపోతే ఎట్టా అని పట్టుబట్టి ఆయన బెజవాడ బాణాలు అనే జట్టును తయారుచేశారు. ప్రతి జట్టూ మిగిలిన ఏడింటితో రెండేసిసార్లు ఆడాలి. చివరికి పాయింట్ల పట్టికలో పైనున్న నాలుగు జట్లు ప్లేఆఫ్స్‌కి వెళతాయి, కిందనున్న నాలుగూ ఇంటికి వెళతాయి. మా బాణాలు రెండో వారం నుంచే అయిదో స్థానంలో దిండు వేసుకుని పడుకున్నాయి.

అయిదో స్థానమంటే ఏమిటో అనుభవిస్తే గాని తెలియదు. పరీక్ష తప్పినవాణ్ని ఓదార్చడానికి మనుషులొస్తారు, ఫస్టు క్లాసువాడింటికి మిఠాయి కోసం వస్తారు. మధ్యలో గట్టెక్కినవాడి గుమ్మం ఎవరూ తొక్కరు. బాణాలు ఒక ఆట గెలిస్తే ఒకటి ఓడేవి, మధ్యలో రెండు సమానం చేసేవి. స్టేడియం నుంచి బయటికొచ్చే జనం ముఖాల్లో కోపమూ ఉండేది కాదు, సంతోషమూ ఉండేది కాదు. పెళ్లికెళ్లి భోజనం చేయకుండా తిరిగొచ్చినవాళ్లలా ఉండేవారు. ఆ జనానికి, ఈ జట్టు ఎందుకిలా ఉందో, ప్లేఆఫ్స్‌కి వెళుతుందో వెళ్లదో వారం వారం విప్పిచెప్పే బాధ్యత నా నెత్తిన పడింది.

నేను అప్పుడే ఒక చిన్న దినపత్రికలో చేరాను. సినిమా పేజీ ఇస్తారని ఆశపడి కొత్త పెన్నులు కూడా కొనుక్కున్నాను. చేరిన మూడో రోజునే ఆటల పేజీ చూసే ఆయనకు పచ్చకామెర్లు వచ్చి సెలవు పెట్టారు. ఎడిటర్ గారు నన్ను పిలిచి, “ఇక నుంచి ఫుట్‌బాల్ నువ్వు చూడమ్మా” అన్నారు. నాకు ఆట రాదండీ అన్నాను. “ఆట ఏదైతే ఏముందమ్మా. ఒకళ్లు గెలుస్తారు, ఒకళ్లు ఓడతారు. మిగతాదంతా తెలుగే” అన్నారు. సోమవారం సోమవారం వచ్చే ఆ కాలమ్‌కి ‘విజిల్’ అనే మారుపేరు కూడా ఆయనే పెట్టారు. ఆడపిల్ల పేరు వేస్తే ఫుట్‌బాల్ విశ్లేషణ ఎవరూ నమ్మరని ఆయన భయం. (నమ్మకపోవడానికి అంతకన్నా గట్టి కారణాలున్నాయని ఆయనకు తెలియదు.) మొదటి ఆదివారం స్టేడియంకి వెళ్లాను. సగం ఆటయ్యాక జట్లు వైపులు మారతాయన్న సంగతి నాకెవరూ చెప్పలేదు. రెండో సగమంతా మనవాళ్లు మన గోల్ మీదే దండెత్తుతున్నారని తెగ కంగారుపడ్డాను. అయినా ఆఫీసుకొచ్చి గంటలో కాలమ్ రాసేశాను. రాస్తుంటే ఒక గొప్ప రహస్యం బోధపడింది. ఒకర్ని మెచ్చుకోవాలంటే ఎందుకు మెచ్చుకుంటున్నామో చెప్పాలి, దానికి ఆట తెలియాలి. తిట్టడానికైతే ఆ బాధ లేదు. గోల్‌కీపర్‌వి వెన్న రాసుకున్న చేతులన్నాను. ముందువరుస ఆటగాళ్లు కాలవగట్టున గాలికి తిరుగుతున్నట్టున్నారన్నాను. కోచ్ గారి సంగతైతే చెప్పక్కర్లేదు. పాఠకుల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ‘విజిల్ గారు కడిగేశారు’ అని ఒకాయన గుడివాడ నుంచి రాశాడు. నాకు నేల కనిపించలేదు.

ఇందులో ఒక్కటే చిక్కు. నేను కడిగేసిన ఆ కోచ్ గారు మా ఇంటి మేడ మీదే అద్దెకుండేవారు.

పటమటలో మాది చిన్న డాబా. అమ్మా నేనూ ఇద్దరమే ఉండేవాళ్లం. అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఆమెతో పనిచేసే మలయాళీ సిస్టర్లు, “మా ఊరాయన, నెమ్మదస్తుడు, మన చర్చికే వస్తాడు” అని చెప్పి ఆయనకు మేడ మీద గది ఇప్పించారు. యాభై దాటిన మనిషి. తెల్ల పంచె, నున్నగా దువ్విన జుట్టు, మాట తక్కువ. ఉదయం ప్రాక్టీసుకి వెళ్లబోయే ముందు అమ్మ మొక్కలకు అడక్కుండానే నీళ్లు పోసేవారు. భార్య, పిల్లలు కేరళలో ఉన్నారు. ఆర్నెల్లలో నేర్చుకున్న తెలుగు ఆయనది. మా వైపు మర్యాద ఎక్కువని ఎవరో గట్టిగా చెప్పినట్టున్నారు, దేనికైనా గారు తగిలించేవారు. “సిస్టర్, గేటు దగ్గర కుక్క గారు పడుకున్నారండీ, మెల్లగా రండి” అనేవారు. మాట్లాడటమైతే వచ్చింది గాని తెలుగు చదవడం రాలేదు. పేపర్‌ని ఒకసారి ఫోన్ చేత అనువాదం చేయించుకున్నారట. గోల్‌కీపర్ వెన్నతో వంట చేస్తున్నాడని అది చెప్పిందట. ఆ వారం ఆయన నిజంగానే గోల్‌కీపర్‌ని పిలిచి ఏం తింటున్నావని అడిగారు. ఇక ఫోన్‌తో కాదనుకుని, ఓ సోమవారం ఉదయం పేపర్ పట్టుకుని మేడ దిగి వచ్చారు. అమ్మ డ్యూటీకి వెళ్లిపోయింది.

“మోళే” అన్నారు. మలయాళంలో కూతుర్ని పిలిచే పిలుపది. “ఇక్కడ నా ఫోటో ఉందండీ. ఈ విజిల్ గారు నా గురించి ఏమి రాశారు?”

నేను పత్రికలో పనిచేస్తానని ఆయనకు తెలుసు. ఏం పని అంటే, అచ్చుతప్పులు దిద్దే పనని ఆయనకూ అమ్మకూ కూడా చెప్పి ఉన్నాను. పేపర్ తీసుకున్నాను. ‘కోచ్ గారి పద్ధతి చూస్తుంటే, గెలవడానికి కాక, దెబ్బలు తగలకుండా ఇల్లు చేరడానికి వచ్చినట్టుంది’ అని నా వాక్యం నన్నే చూసి పళ్లికిలించింది.

“కోచ్ గారు చాలా జాగ్రత్త గల మనిషి అని రాశారు సార్” అన్నాను.

ఆయన వేలితో ఆ వాక్యాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు కొలిచారు. “ఇంత పొడుగు ఉందే. అంతేనా?”

“తెలుగులో అలంకారాలు ఎక్కువ సార్.”

ఆయన తృప్తిగా తలూపారు. ఆ రోజు నుంచి ప్రతి సోమవారం ఇదే తంతు. ఆదివారం రాయడం, సోమవారం దాన్ని నోటితో మార్చి చెప్పడం. రాయడమే తేలిక. ‘ఈ జట్టుకి ఎముక లేదు’ అన్నది ‘ఈ జట్టు ఎటైనా వంగగలదు’ అయింది. ‘చూస్తే నిద్రొస్తోంది’ అన్నది ‘చూస్తే మనసు ప్రశాంతంగా ఉంటోంది’ అయింది. కోచ్ గారు ఆ కాలమ్‌లన్నీ కత్తిరించి ఒక నీలం ఫైల్లో పెట్టుకునేవారు. ఎందుకు సార్ అంటే, “ఊరు వెళ్లినప్పుడు భార్యకి చూపిస్తాను. నేను వట్టిగా కూర్చోలేదని ఆమెకి తెలియాలి కదండీ” అన్నారు. నేను కాఫీ గ్లాసు పక్కన పెట్టాను. పెడితే ఏం, మరుసటి ఆదివారం మళ్లీ రాశాను. గుడివాడ ఆయన ఉత్తరం వచ్చి చాలా రోజులైంది మరి.

ఒకసారి ఆయన పట్టుబట్టారు. “విజిల్ గారు ఎప్పుడూ మెచ్చుకుంటారు. సలహా ఏమీ ఇవ్వరా?” ఏదో ఒకటి చెప్పకపోతే వదిలేట్టు లేరు. హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన ఒక ఆరడుగుల ఆటగాడు జట్టులో ఉండేవాడు. అందరూ జంక్షన్ అనే పిలిచేవారు. అతన్నెప్పుడూ బయట బెంచీ మీదే చూసేదాన్ని. ఎండలో కూర్చుని గోళ్లు కొరుక్కుంటుంటే జాలేసేది. “ఆ పొడుగాయన్ని ఒకసారి ఆడించి చూడమన్నారు సార్” అన్నాను. ఆయన పైకి వెళ్లి చాలాసేపు కిందికి రాలేదు. మరుసటి ఆదివారం జంక్షన్ మైదానంలోకి దిగాడు. ఎవరో కొట్టిన బంతి వెనకనుంచి వచ్చి అతని తలకు తగిలి గోల్లోకి పోయింది. (అతనప్పుడు బూటు లేసు చూసుకుంటున్నాడని నా అనుమానం.) ఆ తర్వాతి ఆటలో మాత్రం చూసే కొట్టాడు. కోచ్ గారి దృష్టిలో విజిల్ గారు దేవుడైపోయారు.

ఆ సంబరంలో ఆయన నాకు ఆట చెప్పడం మొదలుపెట్టారు. సాయంత్రం పూట వరండాలో అమ్మ చేట తెచ్చుకుని, అందులో మనవాళ్లకు శనగలు, అవతలివాళ్లకు కందులు పెట్టి జరిపేవారు. “ఈ శనగ గారిని చూడండీ. ముందుకి వెళతాడు, మంచిదే. కానీ వెళ్లినచోటి నుంచి తిరిగి రాడు. అప్పుడు ఈ కంది గారు ఖాళీగా నడిచి వస్తాడు.” నాకు మెల్లగా కళ్లు తెరుచుకోసాగాయి. అమ్మ వంటింట్లోంచి, “మీ మ్యాచ్ అయిపోతే ఆ శనగలు ఇటివ్వండి, నానబెట్టాలి” అని కేకేసేది. ఇంతా నేర్చుకుని నేనేం చేశానంటే, ఆ జ్ఞానాన్ని కూడా తిట్లకే వాడుకున్నాను.

పదమూడు ఆటలయ్యాయి. ఇంకొక్కటే మిగిలింది. బాణాలకు పద్దెనిమిది పాయింట్లు, నాలుగో స్థానంలో ఉన్న జట్టుకి ఇరవై. గెలిస్తే మూడు పాయింట్లు, సమానమైతే ఒకటి. గోల్స్ తేడాలో వాళ్లే మెరుగు కాబట్టి, చివరి ఆట మనం గెలవాలి, అదే రోజు వాళ్లు ఓడాలి. బాడీ బాబాయ్ విలేకరుల సమావేశం పెట్టారు. ఏ సంగతైనా లారీ మీదుగానే చెప్పడం ఆయన అలవాటు. “బండికి బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నయ్యండీ. కదలడమే కదలట్లా. బండిని మార్చలేం గదా, ప్లేఆఫ్స్‌కి పోకపోతే డ్రైవర్నే మారుస్తా” అన్నారు. డ్రైవరంటే కోచ్ గారు. అంతటితో ఆగలేదు. “విజిల్ గారు మొదట్నుంచీ ఇదే రాస్తన్నారు. ఆయనెవరో గాని ఆట తెలిసిన పెద్దమనిషి. ఆయన మాటే నా మాట” అన్నారు. నేను మూడో వరుసలో కూర్చుని సమోసా తింటున్నాను. అది సగంలో ఆగిపోయింది.

అప్పుడైనా బుద్ధి రావాలి. ఎడిటర్ గారు మొత్తం సీజన్ మీద అరపేజీ విశ్లేషణ అడిగారు. “వెళ్తారా, వెళ్లరా? గోడ మీద పిల్లిలా వద్దు, సూటిగా రాయి” అన్నారు. కూర్చుని ఒక మంచి వాక్యం రాశాను. దాన్ని ఒంటరిగా వదల్లేక పక్కన ఇంకోటి రాశాను. అలా అరపేజీ నిండింది. ‘బాణాలు కావు, పుల్లలు’ అని శీర్షిక పెట్టాను. బాణాలు ప్లేఆఫ్స్‌కి వెళ్లవని, దానికి పిరికి కోచే కారణమని, వర్షాలకు మైదానం మునిగిందని జట్టుని తీసుకెళ్లి కంకిపాడు దగ్గర కోసిన వరిపొలంలో పరిగెత్తించిన మనిషి నుంచి ఇంతకన్నా ఏం ఆశిస్తామని రాశాను. మధ్యలో, ‘మన ఎడమవైపు ఆటగాడు చేటలో శనగగింజలాంటివాడు, వెళ్లినచోటి నుంచి తిరిగి రాడు’ అని ఓ మెరుపు కూడా మెరిపించాను. సోమవారం అది అచ్చయ్యేనాటికి నేను జంక్షన్ గురించి రాయడానికి వాళ్ల నాన్నగారి పంక్చర్ షాపుకి, హనుమాన్ జంక్షన్ బస్సెక్కాను. ఆ రోజు అమ్మకు సెలవన్న సంగతి నాకు గుర్తులేదు.

నేను ఇంటికొచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. వరండాలో అమ్మ కళ్లజోడు పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా కోచ్ గారు. మధ్యలో ఆ నీలం ఫైలు తెరిచి ఉంది. అమ్మ ప్రతి ఆదివారం చర్చిలో బైబిల్ పఠనాలు చదివే మనిషి. ఒక్క అక్షరం మింగదు, కామా దగ్గర ఆగుతుంది, ప్రశ్న వస్తే గొంతు పెంచుతుంది. అలాంటి గొంతుతో ఆ రోజుది మొదలుపెట్టి, ఆయన అడగ్గా అడగ్గా ఫైలంతా చదివి వినిపించిందట. నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి ‘ఈ జట్టుకి ఎముక లేదు’ దగ్గరుంది.

“చూడవే, ఎవడో విజిలంట! వీడి నోట్లో పురుగులు పడ!” అంది అమ్మ నన్ను చూసి. “పాపం, మన కోచ్ గార్ని ఎంతెంత మాటలన్నాడో! మీ ఆఫీసులో వాడే కదా, నీకు తెలీదూ?”

నేను చెప్పులు విప్పడంలో చాలాసేపు గడిపాను. కోచ్ గారు నన్నే చూస్తున్నారు. ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

“సిస్టర్” అన్నారు నెమ్మదిగా. “శనగ గురించి రాసింది ఇంకోసారి చదవండీ.”

అమ్మ చదివింది. చదివి, తలెత్తి గోడకు చేరేసిన చేట వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. కళ్లజోడు తీసేసింది.

“నువ్వా?”

నేను తలూపాను.

“ఎంత పనిచేశావే! ఆ మనిషి పొద్దున్నే లేచి మన మొక్కలకి నీళ్లు పోస్తాడు, నువ్వు ఆఫీసుకెళ్లి ఆయన మీద వేణ్ణీళ్లు పోస్తావా?” అంటూ లేచి లోపలికి వెళ్లిపోయింది. వంటింట్లో గిన్నెలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

నాకు ఏడుపొచ్చింది. సారీ సార్ అన్నాను. ఆయన “తెలుగులో అలంకారాలు ఎక్కువ కాదు మోళే. చాలా సూటి భాష” అన్నారు. ఆ వెంటనే, “ఒకటి అడుగుతాను. ప్లేఆఫ్స్‌కి వెళ్లం అని రాశావు. ఎందుకు వెళ్లం?” అన్నారు.

“అందరూ అలాగే అంటున్నారు సార్.”

ఆయన చేట తీసుకుని మళ్లీ శనగలు పేర్చారు. వెనకవరుసలో మూడింటిని పక్కకు తీసిపెట్టారు. “ఈ ముగ్గురికీ మోకాళ్లు బాగోలేవు. నాలుగో మ్యాచ్ నుంచీ. బయటికి చెబితే అవతలివాళ్లు అటే వస్తారు, అందుకని చెప్పలేదు. గట్టి నేల మీద పరిగెత్తించకూడదని డాక్టర్ చెప్పారు. పొలం మెత్తగా ఉంటుంది కదా. ఇలాంటి టీమ్‌తో గెలవాలని అందరం ముందుకి పోతే నాలుగు గోల్స్ తింటాం. అందుకని ముందు ఓడకూడదు అనుకున్నాను. వెళ్లం, మోళే. నువ్వు రాసిందే నాకూ అనిపిస్తోంది. జవాబు రైటు, చేసిన లెక్క తప్పు.” లేవబోతూ ఆగారు. “జంక్షన్‌ని ఆడించమని విజిల్ గారు ఎక్కడ రాశారు? సిస్టర్ అంతా చదివారు, అది మాత్రం లేదే.”

“రాయలేదు సార్. అది నేనే చెప్పాను.”

“సీజన్ మొత్తంలో పనికొచ్చిన మాట అదొక్కటే. అదీ అచ్చులో లేదు” అని ఫైలు మూసి మేడెక్కారు. ఆ పూట అమ్మ చేపల పులుసు గిన్నె మేడ మీదికి పంపింది. నాకు చారు పోసింది.

ఆఖరి ఆట ఆదివారం నాలుగింటికి. ఆ రోజు నేను విలేకరుల గ్యాలరీలో కూర్చోలేదు, గీత పక్కనే నిలబడ్డాను. మొట్టమొదటిసారి బంతిని కాక మనుషుల్ని చూశాను. ఆ ముగ్గురూ కట్లు కట్టుకున్న మోకాళ్లతో, ఒకడు వెనక్కి జరిగితే ఇంకొకడు అతని చోటు నింపుతూ, తాడుతో కట్టినట్టు కదులుతుంటే, ఇన్నాళ్లూ దీన్ని చూసి నిద్రొస్తోందని రాసింది నేనేనా అనిపించింది. మొదట అవతలివాళ్లే గోల్ కొట్టారు. జంక్షన్ సమానం చేశాడు. ఆట చివరికొస్తుండగా స్టేడియంలో గోల పుట్టింది. అక్కడ నాలుగో స్థానం జట్టు ఓడిపోయిందని ఫోన్లలో తెలిసిపోయింది! ఇక మనం ఒక్క గోల్ కొడితే చాలు. సీజనంతా కూర్చునే ఉన్న కోచ్ గారు లేచి నిలబడి రెండు చేతులూ ముందుకి ఊపారు. అందరూ ముందుకి పరిగెత్తారు. తిరిగిరాని శనగ గారు ఎడమవైపు నుంచి కొట్టిన బంతి గోల్ స్తంభానికి తగిలి టంగుమని వెనక్కొచ్చింది. ఆ చప్పుడు ఊరంతటికీ వినిపించి ఉంటుంది. ఆట ఒకటి ఒకటితో ముగిసింది. పంతొమ్మిది పాయింట్లు. అయిదో స్థానం. ఒక్క పాయింటు తక్కువ.

ఆఫీసుకెళ్లి, జీవితంలో మొదటిసారి తెలిసి రాశాను. గట్టి జట్టు కాకపోయినా ఇంత దూరం ఎలా వచ్చిందో, ఎవరు తీసుకొచ్చారో రాశాను. ఎడిటర్ గారు చదివి కాగితాలు పక్కన పెట్టారు. “ఇది విజిల్ కాదమ్మా, నిట్టూర్పు. వేసుకోలేం” అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆటోనగర్ వెళ్లాను. షెడ్డులో సగం కట్టిన లారీ ముందు బాడీ బాబాయ్ నిలబడి ఉన్నారు.

“పేపర్ నించి వచ్చావా? ఇయ్యాల విజిల్ గారి కాలమ్ రాలేదేంటమ్మా? ఏదన్నా చెప్పి పంపించారా?”

“విజిల్ నేనేనండీ.”

ఆయన నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తొంగి చూశారు. “నువ్వు ఫుట్‌బాల్ ఆడావా?”

“లేదండీ.”

“మీ నాన్నగారో, అన్నయ్యో?”

“మా ఇంట్లో ఎవరూ క్యారమ్స్ కూడా ఆడలేదండీ.”

“మరి అంతంత ఎట్టా రాశావు?”

“తెలీక రాశానండీ.”

ఆయన అక్కడున్న స్టూలు మీద కూలబడ్డారు. “యాభై అయిదేళ్లాయన్ని ఊహించుకున్నానమ్మా నేను. తెల్లమీసాలు కూడా పెట్టుకున్నా ఆయనకి! ఆ మాటలు నమ్మి కోచ్‌ని పొమ్మనే కాగితం మీద సంతకం కూడా పెట్టా. మధ్యాన్నం ఇద్దామని సొరుగులో ఉంది.”

నేను పనిబల్ల మీదున్న నట్లు, వాషర్లు దగ్గరికి లాగాను. నట్లు మనవాళ్లు, వాషర్లు అవతలివాళ్లు. మూడు మోకాళ్ల సంగతి, మెత్తటి పొలం సంగతి, నిన్న రెండు చేతులూ ఎందుకు ఊపారో, అంతకుముందు ఎందుకు ఊపలేదో చెప్పాను. వెల్డింగ్ చేసేవాళ్లు కూడా పని ఆపి చుట్టూ చేరారు. బాబాయ్ అంతా విని, “మరి మోకాళ్ల సంగతి నాకెందుకు చెప్పలా?” అన్నారు రోషంగా.

“మీకు చెబితే ఊరందరికీ తెలుస్తుందన్నారండీ.”

షెడ్డంతా నవ్వింది. ఆయన నవ్వాలా వద్దా అని కాసేపు తటపటాయించి, చివరికి తానూ నవ్వేశారు. సొరుగులోంచి కాగితం తీసి నాలుగు ముక్కలు చేశారు. ఒకరి ఉద్యోగాన్ని నా అజ్ఞానం నిలబెట్టడం అదే మొదలు, అదే ఆఖరు. నా ఉద్యోగాన్ని మాత్రం అది నిలబెట్టలేదు. బాబాయ్ అక్కడికక్కడే ఎడిటర్ గారికి ఫోన్ చేసి, “మీ విజిల్ మంచి పిల్లండీ” అని మెచ్చుకున్నారు. విజిల్ ఎవరో బయటపడిందని మధ్యాహ్నానికి నన్ను మార్కెట్ ధరల పేజీకి మార్చారు. క్వింటా మిర్చి ఇంత, బస్తా మినుములు అంత. అందులో మెరుపులు మెరిపించడానికి చోటుండదు.

ఇంత చేసి దక్కిందేమిటంటే, పెద్దగా ఏమీ లేదు. కోచ్ గారిని రెండో ఏడాదికి కూడా ఉంచుకుంటున్నట్టు బాబాయ్ ప్రకటించారు. ఆ రెండో ఏడాది లీగే జరగలేదు. మిగతా ఊళ్ల యజమానులకు ఒక్కొక్కరికీ ఓపిక అయిపోయింది. బాణాలు చెదిరిపోయాయి. జంక్షన్‌కి రైల్వేలో ఆటగాళ్ల కోటాలో ఉద్యోగం వచ్చింది. కోచ్ గారు సామాను సర్దుకున్నారు. స్టేషన్‌కి అమ్మా నేనూ వెళ్లాం. అమ్మ గోంగూర పచ్చడి సీసా గుడ్డలో కట్టి ఇచ్చింది. ఆయన సంచిలోంచి ఆ నీలం ఫైలు అంచు కనిపిస్తోంది.

“అన్నీ తిట్లే కదా సార్, ఇంకా ఎందుకు?” అన్నాను సిగ్గుతో.

“ఫోటోలు బాగున్నాయి మోళే. మా ఆవిడకి కూడా తెలుగు రాదు” అన్నారు. రైలు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, “సిస్టర్ గారికి నమస్కారం, బెజవాడ గారికి నమస్కారం” అన్నారు. అమ్మ ఆటో ఎక్కేదాకా ఏడుస్తూనే ఉంది. ఆటో ఎక్కాక నన్ను తిట్టడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత నేను చాలా పేజీలు మారాను. ఇప్పుడు మళ్లీ ఆటల పేజీలోనే ఉన్నాను, సొంత పేరుతో. మొన్న పని మీద వెళుతూ కంకిపాడు దగ్గర టీ కోసం ఆగాను. హోటల్ టీవీలో ఏదో ఊరి జట్టు ఆట వస్తోంది. సీజనంతా అటూ ఇటూ కాకుండా నెట్టుకొచ్చిన జట్టది. నా మెళ్లో కార్డు చూసి పక్క బల్ల దగ్గరి పెద్దాయన కుర్చీ ఇటు జరుపుకున్నారు. “పేపరోళ్లా అమ్మా? వీళ్లు ప్లేఆఫ్స్‌కి వెళ్తారంటారా?”

నేను తెరవైపు చూశాను. వెనకవరుసలో ఒకతను కుడికాలు కాస్త దాచుకుంటూ పరిగెత్తుతున్నాడు. అతని పక్కవాడు అతని వాటా కూడా పరిగెత్తుతున్నాడు. బయట గీత దగ్గర ఒక నడివయసు మనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఏమోనండీ, చూద్దాం” అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. “పేపర్లో ఉండి ఏమో అంటారేంటమ్మా” అని కుర్చీ మళ్లీ అటు తిప్పుకున్నారు. నాకు నవ్వొచ్చింది. నాకు ఇరవై మూడేళ్లున్నప్పుడు అడిగి ఉండాల్సింది ఆయన. టీ చల్లారేలోపు చెప్పేసేదాన్ని.